క్యామ్రీ హైబ్రిడ్ మూడు తరాలు: తిరుపతి రోడ్ల మీద ఏది ఎంత ఇస్తుంది, ఎవరు ఏది కొనాలి?

టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ మన దేశంలో 2013 నుంచి తయారవుతోంది. అప్పుడు వచ్చినది ఒక తరం, 2019 జనవరిలో వచ్చినది ఇంకో తరం, 2024 డిసెంబరులో వచ్చినది మూడోది. ఇక్కడే తయారై వరసగా మూడు తరాలు అమ్ముడైన స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కారును సొంతంగా కదిలించగల కరెంటు మోటారూ బ్యాటరీ ఉన్న కారు) ఇదే. బెంగళూరు సెకండ్‌హ్యాండ్ మార్కెట్ మనకు దగ్గర కాబట్టి తిరుపతి, చిత్తూరు వాళ్ళ ముందు మూడు దారులూ ఉన్నాయి. పాత క్యామ్రీని తక్కువలో తెచ్చుకోవచ్చు, కొంచెం ఎక్కువ పెట్టి 2019 తర్వాతిది చూడొచ్చు, లేదంటే షోరూముకెళ్ళి కొత్తదే బుక్ చేయొచ్చు.

అడిగేవాళ్ళు దాదాపు అందరూ మైలేజీతోనే మొదలుపెడతారు. కంపెనీ అంకెలు కూడా ఊరించేలాగే ఉంటాయి: లీటరుకు 19.16, తర్వాత 23.27, ఇప్పుడు 25.49 కి.మీ. మెట్లు ఎక్కినట్టు పెరుగుతూ పోయాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మైలేజీలో అసలు మార్పు మొదటి తరం నుంచి రెండో తరానికి వచ్చింది. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా మన రోడ్ల మీద పెట్రోలు బిల్లులో పెద్దగా కనపడదు. కొత్తది కొనడానికి వేరే మంచి కారణాలు ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. పెట్రోలు మాత్రం అందులో లేదు.

ఏ అంకెను నమ్మాలి

పైన చెప్పినవి మన దేశంలో కార్లను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ పరీక్షలో వచ్చిన అంకెలు. కారును ల్యాబులో రోలర్ల మీద పెట్టి, ఏసీ ఆపేసి, సుమారు 20 నిమిషాలు నడుపుతారు. గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. మిట్ట ఉండదు, ఎండ ఉండదు, వెనక సీట్లో అత్తయ్య, మామయ్య ఉండరు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద ఏసీ ఆపి కారు నడిపేవాళ్ళను నేనైతే చూడలేదు. ఈ పరీక్షలో హైబ్రిడ్‌కు ఇంకో లాభం కూడా ఉంది. నెమ్మదిగా పోతూ ఆగుతూ సాగే భాగం ఇందులో ఎక్కువ, అక్కడ ఇంజిన్ చాలాసేపు ఆగిపోయే ఉంటుంది. అందుకే ఏ హైబ్రిడ్‌కైనా కాగితం మీది అంకెకూ రోడ్డు మీది అంకెకూ దూరం ఎక్కువ.

మూడు తరాలనూ పోల్చడానికి నేను అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే అంకెలు చూస్తాను. అక్కడ ఏసీ వేసి, ఎక్కువ వేగంతో, చలిలో, ఇలా ఐదు రకాల పరీక్షల లెక్క కలుపుతారు. గాలన్‌కు ఇన్ని మైళ్ళని ఇచ్చే ఆ అంకెల్ని లీటరుకు కి.మీ.లోకి మారిస్తే, అక్కడి ఎల్‌ఈ అనే రకానికి లెక్క ఇలా వస్తుంది:

| తరం | ఏఆర్‌ఏఐ | ఈపీఏ సిటీ | ఈపీఏ హైవే | ఈపీఏ కలిపి |
|---|---|---|---|---|
| మొదటిది (మనకు 2013) | 19.16 | 18.3 | 16.6 | 17.4 |
| రెండోది (మనకు 2019) | 23.27 | 21.7 | 22.5 | 22.1 |
| మూడోది (మనకు 2024) | 25.49 | 22.5 | 21.3 | 21.7 |

ఏఆర్‌ఏఐ వరసలో మూడోది రెండోదాన్ని రెండు కి.మీ. పైగా దాటేసింది. ఈపీఏలో చూస్తే రెండోదే ఒక పిసరు ముందుంది! ఊళ్ళో కొత్తది కొంచెం మెరుగు, హైవే మీద కొంచెం తక్కువ. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మాత్రం హైవే మీదే ఆరు కి.మీ. తేడా. ఆరు, అంటే చిన్న విషయం కాదు.

అయితే ఈ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడికి తెచ్చుకోకూడదు. ఆ ఎల్‌ఈ రకం తేలికైనది, చక్రాలు చిన్నవి. రెండో తరంలోనే పెద్ద చక్రాలూ ఎక్కువ హంగులూ ఉన్న ఎక్స్‌ఎల్‌ఈ రకానికి అదే ఈపీఏ ఇచ్చింది 19.6 మాత్రమే. ఒకే తరంలో, ఒకే ఇంజిన్‌తో, చక్రాలూ బ్యాటరీ రకమూ బరువూ మారితేనే రెండున్నర కి.మీ. పోయింది. మన దగ్గర అమ్మిన 2019 కారు 18 అంగుళాల చక్రాలతో, నికెల్ బ్యాటరీతో ఈ రెండో రకానికే దగ్గర. కాబట్టి పట్టికలో చూడాల్సింది తరాల మధ్య దూరం. అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు.

ఇథనాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు దాకా తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే దీని లెక్క ఉంది: పాత రకం పెట్రోలుకు తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చు, 20 శాతానికి సర్దిన కార్లలో 1–2 శాతం. అంటే ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది పాత కారుకే. 2014లో ఎవరో 16 వచ్చిందని చెప్పిన కారుకు ఇప్పుడు 15 వస్తే, దాన్ని వెంటనే ఇంజిన్ లోపమని అనుకోనక్కర్లేదు.

కొండకి పోయొస్తే ఏమవుతుంది

మనకి కొండ అంటే తిరుమలే. ఇంట్లో కారు ఉన్నవాళ్ళు చుట్టాలొచ్చిన ప్రతిసారీ కొండకి తీసుకెళ్ళక తప్పదు. హైబ్రిడ్ గురించి ఇక్కడ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఎక్కేటప్పుడు బ్యాటరీ సాయం చేస్తుంది కాబట్టి పెట్రోలు తాగదని కొందరు అంటారు. దిగేటప్పుడు చార్జి అయిపోయి, తాగినదంతా తిరిగొచ్చేస్తుందని ఇంకొందరు. రెండూ పూర్తిగా నిజం కాదు, లెక్క వేసి చూద్దాం.

తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి కారు 1,900 కిలోలు ఉందనుకోండి. ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే 3.6 యూనిట్ల శక్తి కావాలి. కరెంటు బిల్లులో చూసే యూనిట్లే. క్యామ్రీ హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం సామర్థ్యం ఒకటి, ఒకటిన్నర యూనిట్ల స్థాయిది. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని కారు దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. వాడుకునేది అర యూనిట్ పైచిలుకు. అంటే అలిపిరి గేటు దాటిన కాసేపటికే బ్యాటరీ చేయగలిగిన సాయం అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కించేది ఇంజినే. ఎత్తు ఎక్కడానికే లీటరు పైన పెట్రోలు పోతుంది, 18 కి.మీ. దూరానికి ఎటూ ఇంకో ముప్పావు, లీటరు. మొత్తం మీద ఎక్కేటప్పుడు మీటరులో మైలేజీ 9 దగ్గరో, 10 దగ్గరో కనపడితే కంగారు పడకండి. ఏ తరమైనా అంతే.

ఇక దిగడం. ఎక్కిన 3.6 యూనిట్లూ తిరిగి రావాలి కదా అంటే, అందులో యూనిట్ దాకా టైర్ల రాపిడికీ గాలికీ పోతుంది. మిగతాది పట్టుకోవడానికి మోటారు సిద్ధంగానే ఉంటుంది, బ్యాటరీలోనే చోటుండదు. సగం దారి కూడా దిగకముందే డ్యాష్‌బోర్డులో బ్యాటరీ చార్జి చూపించే గీతలు నిండిపోతాయి. ఆ తర్వాత కారు ఏం చేస్తుందంటే, అదనపు శక్తితో ఇంజిన్‌ను ఊరికే తిప్పుతుంది. పెట్రోలు పడదు కానీ ఇంజిన్ శబ్దం గట్టిగా వస్తుంది. కొత్తగా హైబ్రిడ్ కొన్నవాళ్ళు ఇక్కడే భయపడి మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. అది కారు తన పని తాను చేసుకోవడమే. దిగే ఘాట్ రోడ్డులో గేర్ లివర్‌ను డీ నుంచి ఇంజిన్ బ్రేకింగ్ పొజిషన్‌కు, అంటే కారును బట్టి బి గానీ ఎస్ గానీ, మార్చుకుంటే బ్రేకుల మీద భారం తగ్గుతుంది. 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో, ఆ మలుపుల్లో, ఇది పొదుపు కంటే ముందు భద్రత సంగతి.

బ్యాటరీలో చేరిన ఆ అర యూనిట్ విలువ పెట్రోలులో లీటరులో ఐదో వంతుకు మించదు. అది దిగాక ఊళ్ళో సిగ్నళ్ళ దగ్గర ఇంజిన్ ఆగి ఉండటంలో ఖర్చవుతుంది. రానూపోనూ కలిపి చూస్తే లీటరుకు 17–18 దగ్గరికి వస్తుంది. ఎక్కేటప్పటి దిగులూ దిగేటప్పటి సంబరమూ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. తరాల మధ్య తేడా కూడా ఇక్కడే అన్నిటికంటే తక్కువ. బరువు ఒకటే అయితే ఎత్తు ఎక్కడానికయ్యే శక్తి ఏ కారుకైనా ఒక్కటే. ఇంజిన్ సామర్థ్యంలో ఉన్న కొద్ది తేడా మాత్రమే మిగులుతుంది. కొండ కోసమే కొత్త తరం కావాలనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోవచ్చు.

బెంగళూరు దారిలోనూ ఇదే లెక్క, కాకపోతే మెల్లగా జరుగుతుంది. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికే మంచి ఎత్తు ఎక్కేస్తాం, బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అందుకని వెళ్ళేటప్పుడు 17–18 చూపించిన కారు వచ్చేటప్పుడు 20 చూపిస్తుంది. అమ్మేవాళ్ళు మీటరు ఫొటో పంపిస్తే, అది ఏ వైపు ప్రయాణంలో తీసిందో అడగండి. బెంగళూరు నుంచి తిరుపతి దిగుతూ తీసిన ఫొటోతో ఏ కారునైనా అమ్మేయొచ్చు.

2013 తరం

2.5 లీటర్ల ఇంజిన్, మోటారు కలిపి సుమారు 200 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). నికెల్ బ్యాటరీ వెనక సీటు వెనకాల, డిక్కీలో కొంత చోటు తినేసి కూర్చుంటుంది. ట్యాంకు పెద్దది కాబట్టి ఒకసారి నింపితే చాలా దూరం పోతుంది. ఇది పాత కారు యజమానులకు బాగా నచ్చే విషయం, మైలేజీతో దానికి సంబంధం లేకపోయినా.

దీనికి ఊళ్ళో వచ్చే మైలేజీ హైవే కంటే మెరుగు. లీలామహల్ సర్కిల్ దగ్గర, రైల్వే స్టేషన్ రోడ్డులో నత్తనడక నడిచేటప్పుడు ఇంజిన్ ఆగి మోటారు మీదే కదులుతుంది. ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుదే, ఇంజిన్ ఆగినా చల్లదనం ఆగదు. బ్యాటరీ ఖాళీ అయితే ఇంజిన్ లేచి నింపుతుంది. ఈ సుఖం మూడు తరాలకూ సమానమే. హైవే మీద గంటకు 100 దాటాక మాత్రం దీని వయసు బయటపడుతుంది. అక్కడ బ్యాటరీకి పని తక్కువ, అంతా ఇంజిన్ సామర్థ్యం మీదే నడుస్తుంది. ఈ ఇంజిన్ తర్వాతి తరందానికి సరితూగదు.

అసలు సమస్య వయసు. పదేళ్ళు దాటిన నికెల్ బ్యాటరీ బలహీనపడితే హెచ్చరిక లైటు రాకముందే మైలేజీ జారిపోతుంది. మన ఎండకు ఇది ఇంకా ముఖ్యం. బ్యాటరీ చల్లబడటానికి కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. వెనక సీటు దగ్గరుండే ఆ జాలీ దుమ్ముతో మూసుకుపోయినా, దానికి అడ్డంగా బ్యాగులు పెట్టినా బ్యాటరీ వేడెక్కుతుంది, సాయం తగ్గించేస్తుంది. బ్యాటరీ మార్చాల్సి వస్తే ఆ ఖర్చుతో చాలా ఏళ్ళు పెట్రోలు పోయించుకోవచ్చు. దీనికి తోడు, సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్ళకు మళ్ళీ రెన్యువల్ చేయించాలి. 2013 కారుకు ఆ గడువు 2028లోనే వస్తుంది.

2019 తరం

కారు అడుగు నుంచి అంతా మారింది. ఇంజిన్ మళ్ళీ 2.5 లీటర్లే గానీ కొత్తది. పెట్రోలులోని శక్తిలో 41 శాతం దాకా పనిగా మార్చగలదని కంపెనీ ప్రకటించిన ఇంజిన్ ఇది, పెట్రోలు కార్లలో ఇది చాలా ఎక్కువ. మొత్తం శక్తి 218 పీఎస్. బ్యాటరీ వెనక సీటు కిందికి పోయింది, డిక్కీ మనకు మిగిలింది. బరువు కిందికి రావడంతో ఘాట్ మలుపుల్లో కారు తక్కువ ఊగుతుంది.

పట్టికలో హైవే అంకె 16.6 నుంచి 22.5కు ఎగరడానికి కారణం ఈ ఇంజినే. మీరు పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకో, పలమనేరు మీదుగా బెంగళూరుకో తరచూ పోతుంటే మొదటి రెండు తరాల తేడా మీకు ప్రతి ట్యాంకులోనూ తెలుస్తుంది. ట్యాంకు 50 లీటర్లే. అయినా ఒక నింపుడుకు బెంగళూరు పోయొచ్చేసి ఇంకా మిగులుతుంది.

లోపమంటే వేగం విషయంలో దీనికి ఓపిక లేకపోవడం కాదు, మనకి లేకపోవడం. కారు నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి 120 ఎప్పుడు దాటామో తెలియదు. ఆ వేగంలో గాలే కారును వెనక్కి లాగుతుంది. 90 దగ్గర నడిపిన మొదటి తరం కారు, 120 మీద నడిపిన రెండో తరం కారుతో సమానంగా రావచ్చు. మైలేజీ గురించి నాకు ఫిర్యాదు చేసిన రెండో తరం యజమానుల్లో ఎక్కువమంది నడిపే తీరు చూశాక కారును తప్పుపట్టబుద్ధి కాలేదు.

2024 తరం

మొత్తం 230 పీఎస్, లిథియం బ్యాటరీ, తొమ్మిది ఎయిర్‌బ్యాగులు, ముందున్న బండిని చూసి దానంతటదే వేగం సర్దుకునే సదుపాయాలు. విడుదలైనప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 48 లక్షలు. బ్యాటరీ మీద 8 ఏళ్ళు లేదా 1.6 లక్షల కి.మీ. వారంటీ. కొత్త పెట్రోలుకు తగ్గట్టు తయారైంది కాబట్టి ఇథనాల్ టెన్షన్ లేదు.

లిథియం బ్యాటరీ తేలిక, చార్జిని చురుగ్గా తీసుకుంటుంది, ఇస్తుంది. ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో ఇంజిన్ లేవడం ఇంకొంచెం తగ్గుతుంది. ఊళ్ళో తేడా అంతే. దీన్ని నడపడం హాయిగా ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ మైలేజీ పెరిగిందని చెప్పి దీన్ని కొనమనే సేల్స్ కుర్రాడి మాట దగ్గర కాస్త ఆగండి.

రూపాయల్లో

ఏడాదికి 12,000 కి.మీ., లీటరు 110 రూపాయలు అనుకుందాం. మైలేజీకి మన ఏసీ, ఘాట్, ఇథనాల్, 18 అంగుళాల చక్రాలు అన్నీ కలిపి నేను వేసుకునే అంచనా 15, 18, 19. ఇవి పరీక్షలో తేలినవి కావు, లెక్క కోసం తీసుకున్నవి. మీ వాడకాన్ని బట్టి ఒకటి అటూఇటూ వేసుకోండి.

| తరం | అంచనా మైలేజీ | ఏడాదికి లీటర్లు | ఏడాదికి పెట్రోలు ఖర్చు |
|---|---|---|---|
| 2013 | 15 | 800 | 88,000 |
| 2019 | 18 | 667 | సుమారు 73,300 |
| 2024 | 19 | 632 | సుమారు 69,500 |

మొదటిదాని నుంచి రెండోదానికి మారితే ఏడాదికి దాదాపు 15,000 మిగులుతుంది. రెండోదాని నుంచి మూడోదానికి మారితే నాలుగు వేల లోపు. నెలకు మూడొందల చిల్లర. రెండిటి ధరల మధ్య ఉన్న లక్షల తేడాను ఈ మూడొందలతో ఎన్ని తరాలకు రాబట్టాలో మీరే చూసుకోండి.

కిలోమీటర్లు పెరిగితే లెక్క కొంత మారుతుంది. ఏడాదికి 30,000 తిరిగేవాళ్ళకు మొదటి రెండిటి తేడా 36,000 దాటుతుంది. నాలుగైదేళ్ళు ఉంచుకుంటే అది బ్యాటరీ, టైర్లు, సర్వీసు ఖర్చులతో పోల్చదగిన మొత్తమే. రెండోదానికీ మూడోదానికీ మధ్య మాత్రం అప్పుడు కూడా ఏడాదికి పదివేల లోపే.

సరిహద్దు జిల్లా వాళ్ళకు ఇంకో చిన్న వెసులుబాటు ఉంది. పెట్రోలు ధర తమిళనాడులో, కర్ణాటకలో మన కంటే తక్కువ. చెన్నైకో బెంగళూరుకో ఎటూ పోయేవాళ్ళు తిరుగు ప్రయాణంలో అక్కడే ట్యాంకు నింపుకుంటారు. ఏడాది మొత్తం చూస్తే, రెండో తరం నుంచి మూడో తరానికి మారితే మిగిలేదానికి ఈ అలవాటుతో మిగిలేది తీసిపోదు.

ఎవరికి ఏది

రిటైరై ఊళ్ళోనే ఉంటూ, గుడికీ మార్కెట్‌కీ, ఎప్పుడైనా చంద్రగిరి, శ్రీకాళహస్తి దాకా పోయేవాళ్ళకు మైలేజీ కోసం ఏ తరమూ అక్కర్లేదు. రెండు కిలోమీటర్ల ప్రయాణాల్లో హైబ్రిడ్ గొప్ప తెలియదు. స్టార్ట్ చేయగానే ఇంజిన్ వేడెక్కడానికి కాసేపు నడిచి తీరుతుంది, అది వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. పైగా వారాల తరబడి కదలకుండా ఉంచితే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి కారు మేల్కోదు. మెత్తగా పోయే పెద్ద కారు కావాలన్నదే కోరికైతే బ్యాటరీ బాగున్న 2013 తరం చూసుకోవచ్చు.

వారం వారం బెంగళూరు, చెన్నై పోయే వ్యాపారులకు, డాక్టర్లకు 2019 తరం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. హైవే మైలేజీ అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది ఇక్కడే. 2022 జనవరి తర్వాత వచ్చిన మార్పులు చేసిన మోడల్ దొరికితే మంచిదే, మైలేజీ కోసం మాత్రం దానికి అదనంగా పెట్టొద్దు.

పదేళ్ళు ఉంచుకుంటాను, మధ్యలో రిపేర్ల తలనొప్పి వద్దు, డబ్బుకు ఇబ్బంది లేదు అనేవాళ్ళు 2024 తరం తీసుకోండి. మీరు కొంటున్నది వారంటీని, భద్రతను, ప్రశాంతతను. అవి మంచి కారణాలే.

కుటుంబం పెద్దది, ఆరేడుగురు ఒకేసారి కొండకి పోవాలి అంటే క్యామ్రీ ఏ తరమైనా మీకు కాదు. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ చూడండి. ఏఆర్‌ఏఐ అంకె 23.24, రెండు లీటర్ల ఇంజిన్, 186 పీఎస్. పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలదు, నిండా ఎక్కించిన క్యామ్రీకి తగులుతుంది. అసలు పెట్రోలు పొదుపే ముఖ్యం అంటే హైరైడర్ గానీ గ్రాండ్ విటారా గానీ స్ట్రాంగ్ హైబ్రిడ్ రకంలో 27.97 ఇస్తుందని ఏఆర్‌ఏఐ లెక్క. ఊళ్ళో అవి క్యామ్రీని సులువుగా మించుతాయి. 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, మొత్తం 116 పీఎస్ లోపు కాబట్టి నలుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిన్ గోల భరించాలి.

పాతది కొనేముందు

మన ఊరికి ఉన్న అదృష్టం ఏమిటంటే, హైబ్రిడ్ బ్యాటరీని పరీక్షించడానికి కొండను మించిన చోటు లేదు. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే కారును తిరుమలకు ఎక్కించి దించండి. ఎక్కేటప్పుడు బ్యాటరీ గీతలు నెమ్మదిగా దిగాలి, దిగేటప్పుడు నెమ్మదిగా నిండాలి. రెండు మలుపులకే పూర్తిగా నిండిపోయి, కిందికొచ్చాక మొదటి సిగ్నల్ దగ్గరే ఖాళీ అయిపోతే ఆ బ్యాటరీలో సత్తువ లేదు. వెనక సీటు దగ్గర ఫ్యాన్ శబ్దం పెద్దగా వస్తుంటే గాలి జాలీ, దాని వెనక ఫిల్టర్ విప్పించి చూడండి. కొన్నిసార్లు అది శుభ్రం చేస్తేనే సగం రోగం పోతుంది. కొండకి ఒప్పుకోకపోతే భాకరాపేట ఘాట్ దాకా పోయి రండి.

మైలేజీ కొలవాలంటే డ్యాష్‌బోర్డు మీటరును పక్కన పెట్టి, ఒకే బంకులో ఒకే పంపు దగ్గర ఆటో కట్ దాకా నింపి, తిరిగి అక్కడే నింపి లెక్క వేయండి. పోయిన దారినే తిరిగి రావాలి, లేకపోతే ఎత్తు తేడా లెక్కను పాడుచేస్తుంది. టైర్లు కూడా చూడండి. కంపెనీవి తీసేసి చవకవి వేయించిన కారుకు మైలేజీ తగ్గుతుంది, ఆ తప్పు తరం మీద పడుతుంది.

కర్ణాటక నంబరు కారైతే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి. ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అది ఎంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి, ఆ మొత్తాన్ని కారు ధరకు కలిపాకే రెండు తరాలనూ పోల్చండి. 2019 తరం కారుకు బ్యాటరీ వారంటీ ఇంకా మిగిలి ఉందా అన్నది ఛాసిస్ నంబరు ఇస్తే సర్వీస్ సెంటరులో చెబుతారు. అమ్మేవాళ్ళ నోటిమాట కాకుండా ఆ జవాబునే కాగితం మీద తీసుకోండి.